గోళ్లరంగు గీత

మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు ఓ కారు మీద కక్ష కట్టారు. అందులో చిన్నది మా మనవరాలు. అప్పటికి దానికి పది నెలలు.

క్రితం ఏడాది ఏప్రిల్‌లో నేనూ మా ఆవిడా మావాడి దగ్గరికి అమెరికా వెళ్లాం. వాడుండేది మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ పక్కన కాంటన్ అనే ఊళ్లో. రోజూ పొద్దున్నే నలభై మైళ్ల దూరంలోని ఆఫీసుకెళ్తాడు, సాయంత్రం మళ్లీ నలభై మైళ్లు వస్తాడు. కోడలు ఇంట్లోంచే పని చేస్తుంది కాబట్టి ఇంటికంతటికీ ఒక్కటే కారు. పాత హోండా సివిక్. అప్పటికే లక్షా ఇరవై వేల మైళ్లు తిరిగింది.

ఎయిర్‌పోర్టు నుంచి ఇల్లు చేరకముందే మా ఆవిడ నడుం పట్టుకుని మూలిగింది. 'ఏవండీ, అమెరికా రోడ్లు అద్దంలా ఉంటాయన్నారు. ఇదేంటి, మన ఊరి ఆటోలా ఎగురుతోంది?'

ఆవిడ తప్పేం లేదు. మిషిగన్‌లో చలికాలం పోతూ పోతూ రోడ్లని చీల్చిపోతుంది. పగుళ్లలోకి నీళ్లు దిగుతాయి. రాత్రి గడ్డకట్టి ఉబ్బుతాయి. పగలు కరిగితే అడుగున ఖాళీ మిగులుతుంది. దానిమీద లారీ వెళ్లిందంటే గొయ్యే. ఆపైన హైవేలు చాలాచోట్ల సిమెంటు పలకలు. అతుకు అతుక్కీ టక్, టక్, టక్ అని మోత. సీట్లో కట్టేసిన మనవరాలు నిద్రపోయిన ఐదు నిమిషాలకి ఉలిక్కిపడి లేచేది. ఇక కోడలి కోపం చూడాలి.

నేను 38 ఏళ్లు విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని బతికినవాణ్ని. కమాన్ కట్టల పని నాది. మర్నాడు పొద్దున్నే కారు దగ్గరికెళ్లి బానెట్ మూలమీద చెయ్యేసి గట్టిగా నొక్కి వదిలాను. షాకబ్జర్ బాగుంటే బండి ఒక్కసారి పైకి లేచి ఆగిపోవాలి. అది మూడుసార్లు తలూపింది.

'ఒరేయ్, నీ కారు షాకబ్జర్లు ఎప్పుడో చచ్చిపోయాయిరా' అన్నాను. వాడు నవ్వి 'తెలుసు నాన్నా, అందుకే కొత్తవి ఆర్డర్ పెట్టా' అన్నాడు. ఆ నవ్వులో ఏదో తిరకాసుంది. అది కోడలు బయటపెట్టింది. 'మావయ్యగారూ, ఆయన తెప్పిస్తున్నవి మామూలువి కాదు. రేసు కార్లకి వేస్తారే, అలాంటివి. కారు కిందికి దిగిపోతుందట. గట్టిగా ఉంటుందట. పాప సంగతి మీరే అడగండి.'

అడిగాను. వాడు ఫోన్లో బొమ్మలు చూపించి నాకు పాఠం చెప్పాడు. వాటిని కాయిలోవర్లంటారు. స్ప్రింగూ షాకబ్జరూ కలిసి ఒకే ముక్కగా ఉంటాయి. బయట గొట్టానికి మరలు తీసి ఉంటాయి. వాటిమీద రింగు తిప్పితే కారు ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది. షాకబ్జర్ నెత్తిన చిన్న మీట. దాన్ని తిప్పితే లోపల నూనె వెళ్లే దారి సన్నబడుతుంది లేదా వెడల్పవుతుంది. సన్నబడితే బండి బిగుస్తుంది, వెడల్పయితే మెత్తబడుతుంది.

'మరి ప్రతిసారీ బానెట్ ఎత్తి తిప్పుకుంటావా?'

'అక్కడే ఉంది నాన్నా అసలు సంగతి. నాలుగు షాకబ్జర్ల మీదా నాలుగు చిన్న మోటార్లు కూర్చుంటాయి. స్టీరింగ్ దగ్గర బటనుంటుంది. నేనొక్కణ్నే ఆఫీసుకెళ్లేటప్పుడు గట్టిగా పెట్టుకుంటా. అమ్మ, పాప ఎక్కితే మెత్తగా. పదహారు మెట్లున్నాయి.'

మొగుడూపెళ్లాల తగాదాకి జపాన్‌వాడు మందు కనిపెట్టాడన్నమాట! ఇది కొత్త ఆలోచనేం కాదట. 1983లోనే టయోటా సోరర్ కారులో షాకబ్జర్లని కంప్యూటరు మార్చేదట. 2002లో క్యాడిలాక్ కార్లలో ఇంకో రకం వచ్చిందట. షాకబ్జర్ నూనెలో ఇనుప రజను కలుపుతారు. కరెంటు పంపితే అయస్కాంతశక్తికి ఆ నూనె చిక్కబడుతుంది. నోరు తెరుచుకుని విన్నాను. మా కమాన్ కట్టలో అదంతా పట్టీలే చూసుకుంటాయి. ఒకదానిమీద ఒకటి రాసుకుని ఊపుని అవే చంపేస్తాయి.

ఆ ఆదివారం వాడు నన్ను డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి తీసుకెళ్లాడు. అక్కడ మోడల్ టి కారు కిందికి వంగి చూశాను. 1908లో మొదలైన కారు. ముందు అడ్డంగా ఒక కట్ట, వెనక అడ్డంగా ఒక కట్ట. అచ్చం మన కమానే! పరాయి దేశంలో సొంతూరివాడు కనిపించినట్టయింది. నా మొహం చూసి మావాడు 'ఆ కాయిలోవర్లు మనిద్దరం కలిసి బిగిద్దామా నాన్నా?' అన్నాడు. వాడు పదో తరగతిలో ఉండగా షెడ్డుకొస్తానంటే వద్దని తరిమేశాను, చదువు పాడవుతుందని. ఇన్నేళ్లకి వాడితో కలిసి పని చేసే యోగం అమెరికాలో పట్టింది.

మే నెలలో ఓ శనివారం పొద్దున్నే మొదలుపెట్టాం. సాయంత్రానికి అయిపోతుందని వాడి లెక్క. తుప్పుని వాడు లెక్కలో వేసుకోలేదు. డెట్రాయిట్ ఊరి కింద సుమారు 1,200 అడుగుల లోతున పెద్ద ఉప్పుగని ఉంది. చలికాలంలో మంచు కరగడానికి ఇక్కడి రోడ్ల మీద టన్నుల కొద్దీ ఉప్పు చల్లుతారు. అదంతా కారు అడుగున పేరుకుంటుంది. ఉప్పుగాలికి ఇనుము ఏమవుతుందో మచిలీపట్నం లారీలు చూసిన నాకు తెలుసు. ఎడమవైపు ముందు చక్రం దగ్గర కింది బోల్టు ఒకటి కదల్లేదు. నూనె కొట్టాం, వేడి చేశాం, పానాకి పొడుగు గొట్టం తగిలించి ఇద్దరం వేలాడాం. అది ఊడేసరికి సూర్యుడు అస్తమించాడు. వాడి మెకానికల్ డిగ్రీ, నా అనుభవం కలిపితే ఒక బోల్టు!

ఆదివారం పని సాగింది. పాత స్ప్రింగుని నొక్కిపట్టి పైకప్పు విప్పేటప్పుడు మాత్రం వాణ్ని పక్కకి నెట్టేసి నేనే కూర్చున్నాను. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే మనిషి దవడ లేచిపోతుంది. కొత్తవి ఎక్కించాక ఎత్తు దగ్గర పేచీ వచ్చింది. వాడికి కారు రెండంగుళాలు దిగాలి. 'ఒరేయ్, దించేకొద్దీ చక్రం పైకి లేవడానికి చోటు తగ్గుతుంది. గోతిలో పడితే అడుగున కొట్టుకుంటుంది. అప్పుడు నీ మోటార్లు మెత్తగా పెట్టినా ఏం లాభం? మోటారు తిప్పేది నూనె దారినే, స్ప్రింగుని కాదు కదా' అన్నాను. కాసేపు ఆలోచించి ముప్పావు అంగుళానికి ఒప్పుకున్నాడు.

మోటార్లు పెట్టడం వాడి పని. నేను టార్చిలైటు పట్టుకున్నాను. ముందువి బానెట్‌కి తగులుతాయేమోనని మైనం ముద్ద పెట్టి మూత వేసి చూశాడు. వెనకవాటి వైర్లు డిక్కీ లైనింగు లోపల్నుంచి లాగాడు. ఆన్ చేయగానే నాలుగు మూలలా జుయ్యిమని సన్నటి చప్పుడు. మోటార్లు మీటల్ని ముందు పూర్తి గట్టివైపు తిప్పేసి, అక్కణ్నుంచి మెట్లు లెక్కపెట్టుకుంటూ వెనక్కొస్తాయట. ఆ చప్పుడికి చిన్నప్పుడు తిరునాళ్లలో కీ ఇచ్చే బొమ్మ కొనిస్తే ఎంత మురిశాడో అంతలా మురిశాడు.

చక్రాలు ఎక్కించి, కారు దించి, దాని బరువు దానిమీద పడ్డాక రబ్బరు బుష్షుల బోల్టులు బిగించాం. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. అప్పటికి రాత్రి పదైంది. వాడు చేతులు తుడుచుకుని 'అయిపోయింది నాన్నా. రేపు సాయంత్రం ఆఫీసు దగ్గరే వీల్ ఎలైన్‌మెంట్‌కి టైము తీసుకున్నా' అన్నాడు.

'పొద్దున్న ఆఫీసుకి దీనిమీదే వెళ్తావా?'

'మరి?'

'ఇప్పుడే యాభై మైళ్లు తిప్పుకొచ్చి, మళ్లీ జాకీ ఎత్తి, అన్నీ ఇంకోసారి చూద్దాం.'

వాడికి చిరాకేసింది. రెండు రోజుల అలసట మరి. 'టార్క్ రెంచితో బిగించా నాన్నా. ఎంత బిగించాలో అంతకి క్లిక్‌మంది. వచ్చే శనివారం చూద్దాంలే. ఇది ఆటోనగర్ కాదు.'

ఆ మాటకి నేను నొచ్చుకున్నాననుకుని వాడు వెంటనే 'సారీ' అన్నాడు. నేను నొచ్చుకోలేదు. గ్యారేజీలో స్టూలు లాక్కుని కూర్చుని, ముప్పై ఏళ్లకి పైగా మా ఆవిడకి కూడా చెప్పని సంగతి వాడికి చెప్పాను.

1991 దసరా. మర్నాడు ఆయుధపూజ. షెడ్డులో ఆరు లారీలున్నాయి. అన్నీ పండగలోపు వెళ్లిపోవాలి. సాయంత్రం ఓ లారీకి వెనక మెయిన్ పట్టీ విరిగితే కొత్తది వేసి కట్ట బిగించాను. కట్టని ఇరుసుకి పట్టి ఉంచేవి యూ బోల్టులు. అవెంత బిగించినా కొత్త పట్టీలు లోడు పడ్డాక ఒకదానిమీద ఒకటి అణిగి సర్దుకుంటాయి. ఆ కాస్త సందుతోనే బోల్టు వదులవుతుంది. అందుకే లోడుతో యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ వచ్చి బిగించుకోవాలి. ఇది షెడ్డులో చేరిన కుర్రాడికి మొదటి వారంలోనే నేర్పే పాఠం.

ఆ డ్రైవరుకి అది తెలుసు. 'లోడు ఎత్తుకుని మళ్లీ ఇటు రానా మేస్త్రీ?' అని అడిగాడు. నేనప్పుడు పానాలన్నీ కిరసనాయిలుతో కడిగిస్తున్నాను, పొద్దున పూజలో పెట్టాలని. అతను వెనక్కొస్తే రాత్రి షెడ్డు తెరిచి ఉంచాలి. 'అక్కర్లేదు. గట్టిగానే పట్టించాను. పో' అన్నాను.

పొద్దున్నే పానాలకి పసుపూ కుంకుమా పెట్టాం. కొబ్బరికాయ కొట్టాం. మూడోరోజు కబురొచ్చింది. సూర్యాపేట దాటాక లారీ ఉన్నట్టుండి పక్కకి లాగేసి రోడ్డు దిగి పడిపోయింది. యూ బోల్టులు వదులై, సెంటర్ బోల్టు తెగి, ఇరుసు పక్కకి జరిగింది. ఎవరూ పోలేదు. క్లీనరు కుర్రాడికి కాలు విరిగింది. పదిహేడేళ్లు ఉంటాయి వాడికి.

లారీ ఓనరు షెడ్డుకొచ్చాడు. 'మా పని పక్కా. మీవాడే స్పీడు తోలుంటాడు' అన్నాడు మా షెడ్డాయన. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ డ్రైవరు పని పోయింది. నేను ఆస్పత్రికెళ్లి క్లీనరు మంచం పక్కన బత్తాయిలు పెట్టాను. 'నీకెందుకన్నా ఈ ఖర్చు' అన్నాడు ఆ పిల్లాడు. అప్పుడూ చెప్పలేదు. తర్వాత ఆ డ్రైవరు కోసం లారీ ఆఫీసుల్లో వాకబు చేశాను. కనపడలేదు. నిజం చెప్పాలంటే, కనపడనప్పుడల్లా కాస్త ఊపిరి పీల్చుకున్నాను కూడా.

అంతా విని మావాడు ఏమీ అనలేదు. లేచి కారు తాళాలు తీశాడు.

'ఆగు. కోడల్ని గోళ్లరంగు అడిగి పట్రా' అన్నాను. వాడికి అర్థం కాలేదు. బిగించిన ప్రతి నట్టు మీదుగా బోల్టు మీదకి ఒక గీత గీస్తాం. నట్టు కదిలితే గీత తెగుతుంది, కంటికి కనపడుతుంది. ఆటోనగర్‌లో పెయింటు వాడేవాళ్లం. అర్ధరాత్రి అమెరికాలో పెయింటెక్కడ దొరుకుతుంది? కోడలు ఎర్ర సీసా తెచ్చిచ్చి, మామా అల్లరి కుర్రాడూ ఏం చేస్తున్నారా అని గుమ్మంలో నిలబడి చూసింది. కారుకి ముత్తైదువలా బొట్లు పెట్టాం.

ఇద్దరం బయల్దేరాం. వాడు మీట మొదట గట్టివైపు పెట్టాడు. హైవే ఎక్కే మలుపులో కారు పక్కకి ఒరగకుండా నేలని పట్టుకుని తిరిగింది. వాడి మొహంలో వెలుగు చూసి ఇన్ని డాలర్లు ఎందుకు పోశాడో నాకూ అర్థమైంది. తర్వాత బటన్ నొక్కి మెత్తవైపు తెచ్చాడు. సిమెంటు అతుకుల టక్ టక్ మోత అలాగే ఉంది కానీ దెబ్బ నడుందాకా రావడం లేదు. గోతులు మాయం కాలేదు. అంచులు అరగదీసినట్టు అనిపించాయి. పాత షాకబ్జర్లతో పోలిస్తే స్వర్గమే. అయితే మామూలు కంపెనీ షాకబ్జర్లు కొత్తవి వేసినా ఆడవాళ్ల మట్టుకు ఇంత సుఖమూ దక్కేది. ఆ మాట వాడితో అనలేదనుకోండి.

వెనక్కొచ్చేసరికి పన్నెండున్నర. జాకీ ఎత్తాం. వాడు టార్చి పట్టుకుని కిందకి దూరాడు. కుడివైపు గీతలన్నీ తిన్నగా ఉన్నాయి. వెనకవీ అంతే. ఎడమ ముందు చక్రం దగ్గర వాడి చెయ్యి ఆగిపోయింది.

'నాన్నా' అన్నాడు.

శనివారం సాయంత్రందాకా మమ్మల్ని ఏడిపించిన బోల్టే. నట్టు దగ్గర ఎర్ర గీత తెగి, రెండు ముక్కలూ పక్కపక్కన ఉన్నాయి. మధ్యలో మిగిలిపోయిన తుప్పు పొలుసు బరువుకి నలిగి రాలిపోయింది. దాంతో పట్టు సడలి నట్టు వెనక్కి తిరిగింది. రెంచి అబద్ధం చెప్పలేదు. అది క్లిక్‌మన్నప్పుడు ఆ నట్టు బిగువుగానే ఉంది. పదిన్నరకున్న బిగువు పన్నెండున్నరకి లేదు, అంతే.

బోల్టు విప్పి, తుప్పంతా గీకి, కొత్త నట్టేసి మళ్లీ బిగించాం. మళ్లీ గీత గీశాం. వాడు ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టాడు. పొద్దున్నే ఇంకో యాభై మైళ్లు తిప్పి చూశాడు. ఈసారి ఏ గీతా తెగలేదు. అప్పుడు గానీ కారు ఎలైన్‌మెంట్‌కి తీసుకెళ్లలేదు. ఎత్తు మారితే చక్రాల వాలు మారుతుంది. సరిచేయించకపోతే టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి.

మన దగ్గర కుర్రాళ్లు ఇది చదివి ఉత్సాహపడే ముందు ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో రాసిన వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కాబట్టి దేనికైనా చెయ్యి పెట్టేముందు రవాణా ఆఫీసులో కనుక్కోండి. అరిగిన షాకబ్జర్లు మాత్రం ఇవాళే మార్పించుకోండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బానెట్ మూల నొక్కి చూసుకుంటే చాలు.

మేం సెప్టెంబరులో తిరిగొచ్చేశాం. వచ్చేముందు ఓ సాయంత్రం మావాడు 'ఆ డ్రైవరు పేరు గుర్తుందా నాన్నా?' అని అడిగాడు. గుర్తుంది. ఆయనదే తప్పయితే ఇంతకాలం గుర్తుండేది కాదేమో. ఇప్పటికి ఆయన బతికుంటే నాకంటే పదేళ్లు పెద్ద. పేరు ఇక్కడ రాయను. అడక్కుండా నా తప్పు మోసినాయన ఆయన. మళ్లీ నలుగురిలోకి లాగడం న్యాయం కాదు. ఈ కాగితం ఎక్కడైనా ఆయన కంటపడితే మాత్రం, 'మళ్లీ రానా మేస్త్రీ?' అని అడిగింది తనేనని ఆయనకి తెలుస్తుంది. ఆయన సరిగ్గానే తోలాడు. పని సరిగ్గా చేయంది నేను.

ఆ తర్వాత ఆటోనగర్‌లో నేనున్న 22 ఏళ్లూ నా చేతిమీదుగా వెళ్లిన ప్రతి డ్రైవరు చొక్కాజేబులో ఒక చీటీ పెట్టేవాణ్ని. 'యాభై కిలోమీటర్లు తిరిగి రండి. డబ్బులు అక్కర్లేదు' అని ఎర్ర పెన్సిలుతో రాసి. షెడ్డులో కుర్రాళ్లు చాదస్తమని నవ్వేవాళ్లు.

మొన్న నవంబరులో మావాడు ఫోన్ చేశాడు. అక్కడ మంచు మొదలైందట. చలికాలం టైర్లు వేశాడట.

'నట్లు చూసుకున్నావా?' అన్నాను.

'యాభై మైళ్లు తిరిగి మళ్లీ బిగించా నాన్నా' అన్నాడు. వెనకనుంచి కోడలు గొంతు వినిపించింది. 'మావయ్యగారూ, నా ఎర్ర సీసా మాత్రం అయిపోయింది!'